నేల తాకే చెయ్యి

టిల్మన్ క్రాసింగ్, మిసిసిపీ
1988 ఆగస్టు 3

అబ్బాయి లవెల్‌కు, ఓథా తాత రాసేది.

నా రాత చూసి నవ్వుకోవద్దు. మిల్లులో రెండు వేళ్లు పోయినప్పటి నుంచి కలాన్ని బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి రాస్తున్నాను. అక్షరాలు తాగి వచ్చినవాళ్లలా నడుస్తాయి. చదివింది ఆరో తరగతి. తప్పులు కనబడితే సర్దుకుని చదువుకో. నువ్వు కాలేజీ చూసినవాడివి.

ఫోన్ చెయ్యమని మీ అమ్మ పోరుతోంది. చెవి దగ్గర అది పెట్టుకుంటే నాకు మాట రాదు. అందుకని కాగితం తీశాను.

ఫుట్‌బాల్ జట్లు కుర్రాళ్లను ఏరుకునేటప్పుడు పదకొండో విడతలో నీ పేరు పిలిచారని పేపర్లో పడ్డాక, ఊళ్లో అందరూ నన్ను పలకరిస్తున్నారు. మా అక్క ఉండి ఉంటే మనవడి పేరు చూసుకుని ఆ పేపరు బైబిల్లో దాచుకునేది. మంగలి క్లియోఫస్ మాత్రం అన్నాడు గదా, "పన్నెండు విడతల్లో పదకొండో విడతంటే, సంత లేచే వేళకి కొన్న బెండకాయరా ఓథా." ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తోచింది, ఎప్పుడు కొన్నా కూర కూరే కదా అనాల్సింది.

తొంభై మందిని పిలిచి సగం మందిని పంపేస్తారట. అక్కడ ఎలా ఉందో రాయి.

తాత

—

ఒమాహా శిబిరం
ఆగస్టు 14

ఓథా తాతకు,

మన ఊళ్లో ఏ గుమ్మం దాటాలన్నా నేను తల వంచాలి. ఇక్కడ నేనే చిన్నవాణ్ణి. నా పక్క మంచం ఆయన పేరు గ్రేడీ మెక్‌స్వేన్. మూడు వందల పదిహేను పౌన్లు. పదకొండేళ్లుగా ఆడుతున్నాడు. పొద్దున్నే మెట్లు వెనక్కి తిరిగి దిగుతాడు తాతా, మోకాళ్లు ముందుకు దిగనివ్వవు. అదే మనిషి మైదానంలో బంతి కదిలిందో లేదో, ఉన్నచోట ఉండడు. అంత పెద్ద శరీరం అంత త్వరగా మాయమవడం నేనెక్కడా చూడలేదు. చూస్తూ నా పని మరిచిపోయాను. కోచ్ తిట్టాడు.

నా పని చెప్పడానికి చిన్నదే. కుడి చెయ్యి నేలకు ఆనించి వంగి ఉండాలి. బంతి కదలగానే ఎదుటి గోడలాంటి వాణ్ణి దాటుకుపోయి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాలి. ఆ గోడ నన్ను రోజూ మూలకి చీపురులా ఆనిస్తున్నాడు.

నిన్న గ్రేడీ అడిగాడు. "ఊర్నించి ఏం తెచ్చావురా?"

"ఏం తేలేదండీ."

"బలం తెచ్చావు. అది ఇక్కడ వంటవాడి దగ్గర కూడా ఉంది. ఇంకేమన్నా ఉంటే మూట విప్పు."

పొద్దున్నే ఒకాయన తలుపు తట్టి, "కోచ్ రమ్మంటున్నారు, ఆటల పుస్తకం కూడా పట్రా" అంటాడు. జట్టు ఎత్తుగడలన్నీ ఉండే ఆ పుస్తకం అడిగారంటే ఇంటికే. ఆ అడుగుల చప్పుడు వినబడితే నడవా మొత్తం ఊపిరి బిగపట్టుకుంటుంది. ఇప్పటికి ఇరవై ఇద్దరు వెళ్లారు.

మూటలో ఏముందో నాకు తెలియడం లేదు తాతా.

లవెల్

—

టిల్మన్ క్రాసింగ్
ఆగస్టు 19

మొద్దూ,

చిన్నప్పుడు పెరట్లో కూర్చుంటే నలుగురు లాగినా లేచేవాడివి కాదు. అందుకే ఆ పేరు పెట్టాను. ఇప్పుడు ఎవడో నిన్ను చీపురులా ఆనిస్తున్నాడంటే నాకు వాణ్ణి చూడాలని ఉంది.

నాకు ఆట తెలియదు. దుంగ తెలుసు. మిల్లులో కొత్తగా చేరినవాడు దుంగను పైనుంచి తోస్తాడు. దుంగ కదలదు, వాడి నడుం పోతుంది. తెలిసినవాడు ముందు దాని మీద అరచెయ్యి ఆనిస్తాడు. అది ఎటు దొర్లాలనుకుంటోందో చేతికి తెలుస్తుంది. అప్పుడు ఇనుప కొంకి కిందికి పోనిచ్చి, ఆ పక్కకే ఇంత ఊతం ఇస్తాడు. అంత పెద్ద చెట్టూ చెప్పిన మాట వింటుంది. ముప్పై ఏళ్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఎదుటివాడి మీద చెయ్యి పడగానే తోయకు. ఒక్క రెప్పపాటు విను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు కలం ఎంత గట్టిగా నొక్కుతావంటే, కాగితం తిప్పి వెనక తడిమినా అక్షరాలు బొటనవేలికి తగులుతున్నాయి. చీకట్లో కూడా చదవొచ్చు.

తాత

—

ఒమాహా
1989 డిసెంబరు 11

తాతా,

పోయినేడు పుస్తకం అడిగారు. ఇచ్చేసి వచ్చాను. గోదాములో పెట్టెలు మోశాను. ఈ ఏడు మళ్లీ పిలిచి సాధన జట్టులో పెట్టారు. వారమంతా అసలు జట్టు చేత దెబ్బలు తినడం, ఆదివారం గోడ పక్కన నిలబడటం. ఇదంతా నీకు రాయలేదు. రాయడానికి సిగ్గేసింది.

నిన్న మంచు. ఒకడికి జ్వరమని మొదటిసారి నాకూ అసలు జట్టు బట్టలిచ్చారు. మూడో భాగంలో గ్రేడీ చీలమండ మడతపడింది. ఇద్దరు మోసుకొస్తుంటే నా ముందు ఆగి అన్నాడు, "చూస్తావేంరా, వెళ్లు. చోటు వేడిగానే ఉంది."

వెళ్లి చెయ్యి నేలకు ఆనించాను. మంచు కింద గడ్డి, గడ్డి కింద మట్టి, మూడూ వేళ్లకు తెలిశాయి. నలభై వేలమంది అరుస్తున్నారు, నాకు నా ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. బంతి కదిలింది. ఎదుటివాడి రొమ్ము మీద చెయ్యి పడింది. నువ్వన్నట్టు ఒక్క రెప్పపాటు ఆగాను. తాతా, అతను తన కుడివైపు వాలాలనుకుంటున్నాడని చేతికి తెలిసింది. అటే ఊతం ఇచ్చాను. తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకున్నాడు.

తర్వాత చూస్తే క్వార్టర్‌బ్యాక్ నా కింద ఉన్నాడు. "లేస్తావా, ఇక్కడే కాపురం పెడతావా?" అని అడిగాడు. సారీ అండీ అన్నాను. జట్టంతా ఇప్పటికీ ఆ మాటే పట్టుకుని ఏడిపిస్తున్నారు.

మూటలో ఉన్నది నీ దుంగ.

లవెల్

—

టిల్మన్ క్రాసింగ్
1989 డిసెంబరు 20

మొద్దూ,

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం క్లియోఫస్ దుకాణం వెనక గదిలో టీవీలో నీ ఆట చూశాం. మీ అమ్మ బడి వంటింటి నుంచి తెచ్చిన పెద్ద గిన్నె నిండా వేయించిన చేపలు తెచ్చింది. నువ్వు లేచిన క్షణంలో ఒక్కరూ అరవలేదు. చేప నోట్లో పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నట్టే ఉండిపోయారు. మీ అమ్మ ఒడెస్సా మెల్లగా అంది, "వాడేనా?"

క్లియోఫస్ అన్నాడు, "కాదమ్మా, నా బెండకాయ."

అప్పుడు నవ్వారు.

నేను ఇంటికి నడిచి వచ్చాను. దారిలో ఫెన్నర్ల పొలం కంచె దగ్గర ఆగిపోయాను. నేను చెక్కల మధ్య నేర్చుకున్నది ఆకాశం మీదుగా ప్రయాణం చేసి, మంచులో, అంతమంది ముందు, నీ చేతిలో నుంచి బయటికి వచ్చింది. టోపీ తీశాను. ఎవరూ చూడలేదు.

గ్రేడీ గారి చీలమండ ఎలా ఉంది?

తాత

—

పోర్ట్‌లాండ్
1994 నవంబరు 2

తాతా,

నన్ను ఇక్కడికి మార్చి రెండేళ్లయినా కొత్తగానే ఉంది. ఇక్కడి వాన ఎప్పుడూ మొదలవదు, ఆగదు.

నాకు ఇరవై ఎనిమిది. మా వరుసలో నన్ను ముసలాయనా అంటున్నారు. మొన్న పొద్దున మెట్లు దిగుతున్నాను. కింద ఉన్న కొత్త కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది, నేను వెనక్కి తిరిగి దిగుతున్నానని.

గ్రేడీ తన ఊళ్లో సరుకుల కొట్టు పెట్టుకున్నాడు. పదమూడేళ్లు ఆడి, ఏడాది విజేతను తేల్చే ఆఖరి మ్యాచ్ గడప తొక్కలేదని అతని బాధ. "ఆ రోజు ఎలా ఉంటుందో నువ్వు చూసొచ్చి చెప్పరా" అంటాడు.

నీకు మళ్లీ టికెట్టు పెట్టాను. ఈసారైనా రా. వర్నీస్ నీ కోసం మొక్కజొన్న రొట్టె నేర్చుకుంది. నా భార్య వంట తినడానికి కూడా రానంటే, నా మీద కోపమా?

లవెల్

—

టిల్మన్ క్రాసింగ్
1997 నవంబరు 25

మొద్దూ,

నాలుగు టికెట్లు పంపావు, నాలుగూ డబ్బాలో ఉన్నాయి. జనంలో నాకు గొంతు ఎండిపోతుంది, నీకు తెలుసు. కోపం పెట్టుకోకు.

మిల్వాకీ జట్టుకు మారడం నీకు కలిసొచ్చింది. పదకొండు ఆడితే తొమ్మిది గెలిచారు. క్లియోఫస్ గోడ మీద నీ బొమ్మ అతికించాడు, ఏసుప్రభువు బొమ్మకి కొంచెం కిందగా.

ఒక మాట అడుగుతాను. ఎనిమిదేళ్లలో నిన్ను టీవీలో ఎన్ని ఆదివారాలు చూశానో లెక్క లేదు. ఎప్పుడూ నీ కుడి చెయ్యే నేలకు ఆనేది. మూడు వారాలుగా ఎడమ చెయ్యి ఆనిస్తున్నావు. టీవీలో మాట్లాడేవాళ్లు ఆ మాట ఎత్తడం లేదు. దుకాణంలో ఎవరూ గమనించలేదు. నేనూ అనలేదు.

ఎందుకని?

తాత

—

మిల్వాకీ
1997 డిసెంబరు 9

తాతా,

కోచ్ నన్ను ఇటు నుంచి అటు మార్చాడు. అంతే. నువ్వు టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నావు, కళ్లు పోతాయి.

ఇంకొన్ని గెలిస్తే ఆఖరి మ్యాచ్. మూడు ఊళ్లు, పది ఏళ్లు తాతా. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ ఆ మాట పైకి అనరు, అంటే ఎగిరిపోతుందని. మూడు వందల పౌన్ల మనుషులు పిట్టను చూసినట్టు మెల్లగా నడుస్తున్నారు.

అమ్మకి చెప్పు, బాగున్నానని.

లవెల్

—

టిల్మన్ క్రాసింగ్
1997 డిసెంబరు 29

లవెల్,

నీ ఉత్తరం వెనక తడిమాను. నున్నగా ఉంది. వేరెవరో రాశారేమోనని మళ్లీ ముందుకు తిప్పి చూశాను. రాత నీదే. బరువు నీది కాదు.

నువ్వు అడగని మాట ఒకటి చెబుతాను. నా వేళ్ల సంగతి.

రంపం జారిందని ఊరంతా అనుకుంది. రంపం జారలేదు. అప్పటికి నెల రోజులుగా నా కుడి చెయ్యి నాకు తెలియడం లేదు. పొద్దున్నే వేళ్లు తెల్లబడేవి. ఆ యంత్రం అదురుకి అలా అవుతుందని తర్వాత విన్నాను. కప్పు పట్టుకుంటే పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకోవాలి. చొక్కా గుండీలు అద్దంలో చూస్తూ పెట్టుకునేవాణ్ణి. మేస్త్రీకి చెబితే రంపం దగ్గర నుంచి తీసి, పెరట్లో పొట్టు ఎత్తమంటాడు. రంపం దగ్గర నిలబడేవాడంటే ఊళ్లో ఒక మర్యాద. చర్చిలో ముందు బల్ల. నాకు అది పోతుందని భయం. ఎడమ చేత్తో నెట్టుకొచ్చాను. ఎవరూ కనిపెట్టలేదు. చాలా బాగా దాచాను.

ఆ రోజు నాకు నొప్పి తెలియలేదు. చెక్క మీద రెండు వేళ్లు కనబడితే, పాపం ఎవరివో అనుకున్నాను.

మేస్త్రీ మంచివాడు. రంపం జారిందని ఆయనే రాసుకున్నాడు. ముప్పై తొమ్మిదేళ్లు నేనూ అలాగే అననిచ్చాను. మా అక్కకి చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నువ్వు ఆడొద్దని నేను అనను. ఆ మాట అనడానికి నేనెవరిని. నువ్వు వెళ్లిన చోటికి మన ఊరివాడు ఎవడూ వెళ్లలేదు. మీ అమ్మకు కూడా చెప్పలేదు. అది నీ నోటి నుంచి రావాలి.

ఒక్కటి రాయి చాలు. నీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు?

తాత

—

మిల్వాకీ
1998 జనవరి 15

తాతా,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇక నువ్వు నవ్వుకోవచ్చు.

గుండీలు వర్నీస్ పెడుతోంది. అక్టోబరు నుంచి. ఒక దెబ్బకి మెడ నుంచి వేళ్ల దాకా నిప్పు పాకింది. నిప్పు ఆరాక వేళ్లు తిరిగి రాలేదు. అబద్ధం రాసినందుకు నన్ను మన్నించు. నేల మీద చెయ్యి పెడితే నేల ఉందో లేదో తెలియలేదు. అందుకే చెయ్యి మార్చాను. పరీక్ష రోజున డాక్టరు తన వేలు గట్టిగా పట్టుకొమ్మంటే భుజంతో లాగి నమ్మించాను. నేనూ చాలా బాగా దాచాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు మ్యాచ్‌లు ఆడాను. అదీ నిజమే. రెండూ గెలిచాం. ఆదివారం సాయంత్రం, ఆఖరి మ్యాచ్‌కి వెళ్తున్నామని తెలిశాక, గదిలో అందరూ ఏడుస్తున్నారు. ఎవరో నా కుడి చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. నేను నవ్వుతున్నాను. కిందికి చూస్తే గానీ ఆ చెయ్యి ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. మా వరుసలో కొత్తవాడు, టర్నెల్. అప్పుడు నీ చెక్క మీది వేళ్లు గుర్తొచ్చాయి.

సోమవారం పొద్దున నా తలుపు ఎవరూ తట్టలేదు. నేనే పుస్తకం తీసుకుని కోచ్ గదికి వెళ్లాను.

"నిన్నెవడు పిలిచాడయ్యా?" అన్నాడు.

"ఎవరూ పిలవలేదండీ. నా చెయ్యి నాకు తెలియడం లేదు."

ఆయన వెంటనే డాక్టరుకి ఫోన్ చేశాడు. సాయంత్రానికి డాక్టరు ఫొటోలు తీసి చూపించాడు. మెడలో నరం దారి గడ్డిపోచ అంత ఉంది. అక్కడే ఇంకొక్క దెబ్బ తగిలితే చేతితో పోదు, కాళ్లూ పోతాయట. అమ్మకు ఫోన్ చేశాను. చెప్పాను.

పుస్తకం కోచ్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని నా వైపు తోశాడు. "నీ చోట్లో టర్నెల్ ఆడాలి. ఆ వెధవకి ఇది చదవడం రాదు. నువ్వే చెప్పు."

గ్రేడీకి చెప్పడమే కష్టమైంది. ఫోన్లో చెప్పిందంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "మెట్లు ముందుకు దిగరా, నా తరఫున."

శాన్ ఆంటోనియోలో మ్యాచ్. రెండు టికెట్లు పెట్టాను, నీకూ అమ్మకీ. ఈసారి నేను ఆడను. అయినా వస్తావా?

లవెల్

—

టిల్మన్ క్రాసింగ్
1998 ఫిబ్రవరి 4

మొద్దూ,

బస్సులో పద్దెనిమిది గంటలు కుదిపిన చెయ్యి ఇంకా స్థిమితపడలేదు. రాత మామూలు కంటే కోతిలా ఉంది, ఓర్చుకో.

అక్కడ నీ ఎదురుగా కూర్చుని రెండు పూటలు తిన్నాను. వర్నీస్ చేసి తెచ్చిన రొట్టె బాగుంది అన్నాను. వాన సంగతి మాట్లాడాను. అడగాల్సింది అడగలేకపోయాను. అందుకని మళ్లీ కాగితం తీశాను.

గొంతు ఎండిపోతుందని భయపడ్డాను. ఎండిపోయింది. కానీ భయంతో కాదు. మన జిల్లాని ఆరుసార్లు పోస్తే గాని నిండని చోటు అది. ఆ చప్పుడు నాకు చెవుల్లోకి రాలేదు, పక్కటెముకల్లోకి వచ్చింది. మీ అమ్మ నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. టీవీలో మీరు అగ్గిపుల్లలంత ఉంటారు. మీ వాళ్లు సొరంగంలోంచి పరుగెత్తుకొస్తుంటే, నా కాళ్ల కింద సిమెంటు కదిలింది. మనిషిని అంత పెద్దగా చేసి, అంత త్వరగా నడిపించి, అంత సన్నటి నరం మీద వేలాడదీసిన దేవుడి పనితనం నాకు అర్థం కాలేదు. చూస్తూ కూర్చున్నాను.

మీరు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. దాని గురించి నాకు రాయడానికేమీ లేదు. టర్నెల్ బయటికి వచ్చిన ప్రతిసారీ నువ్వు ఆ పొడుగు కోటులో అతని పక్కన ఒంగి, అరచెయ్యి గాల్లో పెట్టి ఏదో చూపించావు. నేను ఇంత దూరం నుంచి గుర్తుపట్టాను. అది దుంగ. నాలుగో భాగంలో ఆ కుర్రాడు ఎదుటివాడి మీద చెయ్యి వేసి, ఒక్క రెప్పపాటు ఆగాడు. తలుపు తెరుచుకుంది. మా వరుసలో అందరూ లేచి అరిచారు. నేను లేవలేకపోయాను. మీ అమ్మ నా టోపీ తీసి నా ఒళ్లో పెట్టింది.

క్లియోఫస్ అడిగాడు, "అంత దూరం వెళ్లి ఏం చూశావురా?" ఈసారి జవాబు అక్కడే వచ్చింది. "నా కంటే ధైర్యం ఉన్నవాణ్ణి చూశాను" అన్నాను. వాడు కత్తెర ఆపాడు.

ఇప్పుడు అడుగుతాను. మ్యాచ్‌కి ముందు, జనం ఇంకా సర్దుకుంటుండగా, నువ్వొక్కడివే మైదానం మధ్యకి నడిచావు. కోటు వెనక్కి తోసి, నీ పాత చోట్లో ఒంగి, కుడి అరచెయ్యి నేలకు ఆనించావు. చాలాసేపు అలాగే ఉన్నావు. మీ అమ్మ ప్రార్థన చేస్తున్నాడంది. నాకు తెలుసు, నువ్వు వింటున్నావు.

నేల తగిలిందా?

కుడి చేత్తోనే రాయి. ఎంత సేపు పట్టినా సరే, ఒక్క లైను చాలు. అక్షరాలు ఎలా నడిచినా నేను చదువుకుంటాను, నాకు అలవాటే. ముందు వైపు చూడక మునుపే కాగితం తిప్పి బొటనవేలితో తడుముతాను. టపా బండి పదకొండింటికి వస్తుంది. నేను పది నుంచీ గేటు దగ్గరే ఉంటాను. త్వరగా రాయి.

తాత